ఒక్క గడియ మెలకువ

"ప్రార్థన చేస్తానే ఉండాను, పడిపోతానే ఉండాను." మన కర్నూలు, అనంతపురం, కడప వైపు ఏ మందిరంలోనైనా కూటం ముగిసి అందరూ వెళ్లిపోయాక, వెనక నిలబడిపోయిన ఒకరిద్దరు కాపరితో చెప్పుకునే మాట ఇది. వాళ్లు అబద్ధమాడటం లేదు, నిజంగానే ప్రార్థన చేస్తున్నారు. ఎప్పుడు చేస్తున్నారో అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. తెల్లవారుజామున అయిదింటికి ఒకసారి. పడిపోయిన రోజు అర్ధరాత్రి ఏడుస్తూ ఇంకోసారి. శోధన, అంటే పాపం వైపు లాగే కోరిక, మాత్రం సాయంత్రం ఏడింటికి వస్తోంది. ప్రార్థన వేళా శోధన వేళా ఒకదానికొకటి ఎదురుపడటమే లేదు.

యేసు ప్రభువు తాను పట్టుబడిన రాత్రి గెత్సేమనే తోటలో శిష్యులతో అన్న మాట చూడండి: "మీరు శోధనలో ప్రవేశించకుండునట్లు మెలకువగా ఉండి ప్రార్థనచేయుడి" (మత్తయి 26:41). ప్రవేశించకుండునట్లు అన్నాడు. గడప దాటకముందు చేయాల్సిన ప్రార్థన అది. అదే రాత్రి అంతకుముందు ఆయన శిష్యుడు పేతురు, అందరూ అభ్యంతరపడినా నేను మాత్రం పడనని గట్టిగా చెప్పాడు. ఆ మాట మనసారా అన్నదే. తీరా ఆ వేళ వచ్చేసరికి ప్రభువు మూడుసార్లు ప్రార్థన చేశాడు, పేతురు మూడుసార్లూ నిద్రపోతూ దొరికాడు. కోడి కూసేలోపు మూడుసార్లు ఆయన్ను ఎరుగనన్నాడు. పేతురుకు ప్రేమ లేదని ఎవరూ అనలేరు. మేలుకోవలసిన వేళ మేలుకోలేదు, అంతే.

"ఒక్క గడియయైనను నాతోకూడ మేల్కొనియుండలేరా?" అని అడిగాడు ప్రభువు. మూల గ్రీకులో ఉన్న మాటకు గంట అని అర్థం. మన తెలుగు లెక్కలో గడియ అంటే 24 నిమిషాలు, రోజుకు 60 గడియలు. వ్యసనాలకు చికిత్స చేసేవాళ్లు ఒక విషయం చెబుతారు: తాగాలనో, పందెం కాయాలనో, ఫోన్‌లో చూడకూడనిది చూడాలనో పుట్టే కోరిక అలలా లేచి, దానికి మేత వేయకపోతే చాలావరకు అరగంట లోపే దిగిపోతుంది. దాదాపు ఒక గడియ అన్నమాట. తెలుగు బైబిలు తర్జుమా చేసినవాళ్లు ఈ లెక్క తలచి ఉండరు గానీ, ఆ ఒక్క గడియ దాటించడం నేర్చుకుంటే సగం యుద్ధం గెలిచినట్టే.

దానికి ముందు మాట ఒకటి సరిచేసుకోవాలి. మన సంఘాల్లో శోధన అనే మాటను అన్నిటికీ వాడేస్తాం. బోరు ఎండిపోతే శోధన, పిల్లకు జ్వరమొస్తే శోధన, వడ్డీకి అప్పు తెచ్చి కట్టలేకపోతే శోధన. తప్పేమీ లేదు, యాకోబు పత్రికలోనే ఆ మాటకు రెండు ముఖాలున్నాయి. మొదటి అధ్యాయం 2వ వచనంలో శోధనలలో పడినప్పుడు మహానందమని ఎంచుకోమంటాడు. అది విశ్వాసానికి పరీక్ష. 14వ వచనానికి వచ్చేసరికి "ప్రతివాడును తన స్వకీయమైన దురాశచేత ఈడ్వబడి మరులుకొల్పబడినవాడై శోధింపబడును" అంటాడు. ఇది లోపలి నుంచి పుట్టే ఆశ. అబ్రాహాము దగ్గర మన బైబిలు "దేవుడు అబ్రాహామును పరిశోధించెను" అని వేరే మాట వాడింది, అది మంచి తేడా. ఈ రెండూ కలిపేసి "ప్రభువా, నా శోధన తీసేయి" అని ప్రార్థిస్తే మనసు దాన్ని బయటి నుంచి వచ్చిపడిన కష్టంగా లెక్కేసుకుంటుంది. స్వకీయమైన దురాశ అన్న మాట మీద నిలబడాలి. "ప్రభువా, నాకు తాగాలని ఉంది." "ప్రభువా, వాడు చెడిపోతే చూడాలని ఉంది." ఇంత ఉన్నదున్నట్టు చెబితేనే ప్రార్థన మొదలైనట్టు.

ఇక వేళ కనుక్కోవడం. రెండు వారాల పాటు చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. కోరిక లేచినప్పుడల్లా నాలుగు సంగతులు రాయండి: ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరితో, దానికి ముందు గంటలో ఏం జరిగింది. పాపం పేరు రాయాల్సిన పని లేదు, ఇంట్లో ఎవరైనా చూస్తారని భయపడితే ఒక చుక్క పెట్టుకున్నా చాలు. రెండు వారాలకే దారి కనపడుతుంది. బేతంచెర్ల, తాడిపత్రి వైపు బండల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు అది కూలి డబ్బు చేతికొచ్చే సాయంత్రం. ఆదోని యార్డులో పత్తో వేరుశెనగ బుడ్డలో అమ్మినవాళ్లకు, డబ్బు జేబులో పడి ఇల్లు చేరేలోపు దారిలో ఉండే ఆ రెండు మూడు గంటలు. నంద్యాలలో బ్యాంకు కోచింగ్‌కని గది తీసుకుని ఉండే పిల్లలకు రాత్రి 11 దాటాక, పక్కవాడు నిద్రపోయి చేతిలో ఫోన్ మిగిలిన వేళ. క్రికెట్ పందేల వాళ్లకు ఐపీఎల్ రోజుల్లో సాయంత్రం ఏడున్నర. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ రమ్మీని, బెట్టింగ్‌ను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. అయినా లింకులు ఫోన్‌కు రావడం ఆగలేదు, కాబట్టి చట్టం ఉంది కదా అని మెలకువ వదలకూడదు.

మాట జారే శోధనకూ వేళ ఉంది. పొదుపు సంఘం సమావేశం, కుళాయి దగ్గర వరస. అక్కడికి బయలుదేరే ముందు "యెహోవా, నా నోటికి కావలియుంచుము, నా పెదవుల ద్వారమునకు కాపు పెట్టుము" (కీర్తన 141:3) అని ఒక్కసారి అనుకుని గడప దాటితే చాలు.

వేళ తెలిశాక, దానికి పది పదిహేను నిమిషాల ముందు ఫోన్‌లో అలారం పెట్టండి. ఏడున్నరకు మ్యాచ్ అయితే ఏడుంబావుకు. కూలి ఆరింటికి ఇస్తే అయిదూ ముప్పావుకు. ఈ ప్రార్థన పొడుగు అక్కర్లేదు, మూడు నాలుగు నిమిషాలు సరిపోతుంది. అందులో మూడే సంగతులుండాలి. రాబోయేదాన్ని పేరుతో చెప్పడం: "ఇంకో పావుగంటలో చేతికి డబ్బు వస్తుంది, కాళ్లు ఆ మందు షాపు వైపే లాగుతాయి." అడగడం: "మమ్మును శోధనలోకి తేక దుష్టునినుండి మమ్మును తప్పించుము." ఆ తర్వాత, చాలామంది వదిలేసేది, వచ్చే రెండు గంటలు ఎక్కడుంటారో, ఎవరితో ఉంటారో దేవుడి ముందు నిర్ణయించి చెప్పడం. "డబ్బు నా భార్య చేతికే ఇస్తా. ఊరి వెనక దారిన ఇంటికి పోతా." తప్పించుకొను మార్గమును ఆయనే కలుగజేస్తాడని 1 కొరింథీయులకు 10:13 చెబుతోంది. ఆ మార్గం చాలాసార్లు నిజమైన దారే, కాళ్లతో నడవాల్సిన దారి. యోసేపు పోతీఫరు ఇంట్లో వాదన పెట్టుకుని నిలబడలేదు, వస్త్రం పోతీఫరు భార్య చేతిలో వదిలేసి పారిపోయాడు.

ముందు ప్రార్థన చేసినా కోరిక లేవదని ఎవరూ మాటివ్వలేదు. లేచినప్పుడు ఆ గడియ ఎలా దాటాలో ఇప్పుడు చూద్దాం.

మొదటి నిమిషంలో చేయాల్సింది లేచి నిలబడటం. ఉన్న చోటు నుంచి కదలాలి. మంచం మీద ఫోన్ పట్టుకుని కళ్లు మూసుకుని చేసే ప్రార్థన గెలవకపోవడానికి కారణం, చోటు మారకపోతే ఒళ్లు మారదు. ఫోన్ ఇంకో గదిలో పెట్టి, చెప్పులేసుకుని బయటికి రండి, మిద్దె ఎక్కండి, వీధి చివరిదాకా నడవండి. నడుస్తూ గొంతు పెగిలేలా చెప్పండి: "దేవా, నన్ను విడిపించుటకు త్వరగా రమ్ము. యెహోవా, నా సహాయమునకు త్వరగా రమ్ము." కీర్తన 70 మొదటి వచనం. 5వ శతాబ్దం మొదట్లో జాన్ కాసియన్ అనే సన్యాసి, ఐగుప్తు ఎడారిలోని పెద్దలు శోధన ఏదైనా ఈ ఒక్క వచనాన్నే పదే పదే పలికేవారని రాశాడు. ఊపిరి లోపలికి పోయేటప్పుడు మొదటి సగం, బయటికి వచ్చేటప్పుడు రెండో సగం. అన్నిసార్లు అదే మాటేనా అని సంకోచించొద్దు. గెత్సేమనేలో ప్రభువు మూడోసారి కూడా "ఆ మాటలే చెప్పుచు" ప్రార్థించాడని మత్తయి రాశాడు.

తర్వాత మీ శోధనకు ఎదురుగా నిలిచే వచనం. అరణ్యంలో అపవాది మూడుసార్లు అడిగితే ప్రభువు మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండం నుంచే ఇచ్చాడు, 6వ, 8వ అధ్యాయాల నుంచి. గ్రంథపు చుట్ట తెరిచి వెతకలేదు, నోటికి ఉన్నాయి. కాబట్టి వచనం ముందే కంఠస్థం కావాలి. వారానికి ఒకటి చాలు. ఒక చీటీ మీద రాసి, పొద్దున మూడుసార్లు, మధ్యాహ్నం సద్ది తినే ముందు మూడుసార్లు, రాత్రి మూడుసార్లు, అధ్యాయం వచనం నంబరుతో సహా పైకి చెప్పండి. ఏడో రోజుకు చీటీ చూడకుండా వస్తుంది. ఎంచుకునేటప్పుడు అందరికీ తెలిసిన వాగ్దాన వచనం కంటే గురి తగిలేదాన్ని ఎంచుకోవాలి. కళ్ల శోధనకు యోబు 31:1, "నేను నా కన్నులతో నిబంధన చేసికొంటిని." డబ్బు ఆశకు 1 తిమోతి 6:9. మందుకు సామెతలు 23:31, 32. గిన్నెలో తళతళలాడేటప్పుడు దానివైపే చూడొద్దని చెప్పి, "పిమ్మట అది సర్పమువలె కరచును, కట్లపామువలె కాటువేయును" అంటుంది. మన చేలల్లో కట్లపాము సంగతి ఎవరికి తెలియదు? రాత్రి నేల మీద పడుకున్నవాడిని కరిస్తే చాలాసార్లు నొప్పి కూడా తెలియదు, విషం ఎక్కాకే తెలుస్తుంది. సొలొమోను కాలం సామెత మన రైతుకు ఇంత సూటిగా తగలడం ఎప్పుడు చదివినా ఆశ్చర్యమే.

ఇంకా గడియ మిగిలి ఉంటే కీర్తన 119 తీసుకోండి, వీలైతే అచ్చు బైబిలులో. 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున 22 భాగాలు. నిదానంగా పైకి చదివితే ఒక్కో భాగానికి నిమిషం పైనే పడుతుంది. అంతా చదివేసరికి గడియ గడిచిపోతుంది, అల దిగిపోతుంది. దిగాక వెంటనే ఒంటరిగా కూర్చోవద్దు. నీళ్లు తాగండి, ఏదైనా తినండి, ఇంట్లోవాళ్ల మధ్యకు రండి. ఊడ్చి అమర్చిన ఇంటికి అపవిత్రాత్మ ఏడుగురిని వెంటబెట్టుకుని తిరిగొచ్చిన సంగతి మత్తయి 12లో ఉంది. ఆ ఇంటి తప్పల్లా ఖాళీగా ఉండటమే. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా షాపు దగ్గర గడిపినవాడు ఆ రెండు గంటలను దేనితో నింపుతాడో ముందే తేల్చుకోకపోతే, ఎన్ని ఉపవాసాలున్నా ఆ రెండు గంటలు మళ్లీ అటే లాగుతాయి.

ప్రార్థనే చెడగొట్టే సందర్భాలున్నాయి, అవీ తెలియాలి. శోధన గురించే పది నిమిషాలు వివరంగా ప్రార్థిస్తే మనసు ఆ బొమ్మనే మళ్లీ మళ్లీ చూస్తుంది. పేరు ఒక్కసారి చెప్పి, చూపు దేవుడి మీదికి తిప్పాలి. ఇంకొకటి మొక్కుబడి: "ఇంక జన్మలో ముట్టను ప్రభువా." పేతురు చేసిందీ అదే. మ్రొక్కుకుని చెల్లించకపోవడం కంటే మ్రొక్కుకోకపోవడమే మేలని ప్రసంగి 5:5 చెబుతుంది. ఈ రాత్రికి కావలసిన కృప ఈ రాత్రికి అడగండి, అనుదినాహారం అడిగినట్టే. మూడోది, ప్రతి బలహీనతకూ దయ్యాన్ని కారణం చేయడం. తాగుబోతును నిలబెట్టి తల మీద చేయి పెట్టి గంటసేపు గద్దించి పంపేస్తే, మరుసటి సాయంత్రం అతనికి ఏం చేయాలో తెలియదు. అపవాది ఉన్నాడు, నిజమే, కానీ యాకోబు ముందు వేలు చూపింది మన దురాశ వైపు.

ఉపవాసం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాలు ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య వస్తాయి. అవి ముగిసే నాటికి మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే, సరిగ్గా ఐపీఎల్ మొదలయ్యేదీ ఆ వేసవిలోనే. నీళ్లు కూడా ముట్టకుండా పొలంలో పనిచేస్తూ ఉపవాసం ఉంటే సాయంత్రానికి తల తిరుగుతుంది, కోపం ముక్కు మీద ఉంటుంది, ఒళ్లు ఏదో ఒక సుఖం కోరుకుంటుంది. నలభై దినాలు ఉపవాసమున్న ప్రభువు దగ్గరకు శోధకుడు వచ్చింది ఆకలిగొన్న వేళే కదా. నీళ్లు తాగుతూ ఒక్క పూట మానండి, శోధన వేళకు ముందే రాగి జావతోనో మజ్జిగతోనో ముగించండి. షుగర్ మందు వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు అన్నం మానొద్దు. టీవీ, ఫోన్ మానడం వాళ్లకు ఉపవాసమే. రాత్రంతా జరిగే ప్రార్థనల మీద కూడా ఒక మాట: అవి మంచివే, కానీ నిద్ర లేని మరుసటి రోజు మనిషి చాలా బలహీనంగా ఉంటాడు. ఆ రోజు సాయంత్రం కోసం ఇంకాస్త జాగ్రత్త పడాలి.

ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి కూటంలో కన్నీళ్లతో తీర్మానం చేసుకుని ఒక్కసారిగా మానేస్తే ప్రాణానికే ముప్పు రావచ్చు. చివరిసారి తాగిన కొన్ని గంటలకే చేతులు వణకడం, చెమటలు పట్టడం మొదలవుతుంది. రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మతి తప్పి, గోడ మీద పురుగులు పాకుతున్నాయనీ, ఎవరో పిలుస్తున్నారనీ అనొచ్చు. దాన్ని దయ్యమనుకుని ప్రార్థన మందిరానికి తీసుకుపోయి పడుకోబెడితే మనిషి దక్కకపోవచ్చు. అది వైద్యుడు చూడాల్సిన జబ్బు, మందులున్నాయి. కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రుల్లో, కడప రిమ్స్‌లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ఎక్కడికి పోవాలో తెలియకపోతే మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కు గానీ, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు గానీ ఫోన్ చేయొచ్చు. మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేయండి, సెలైన్ ఎక్కుతుండగానే చేయండి.

మన సీమకు మాత్రం బాగా తెలిసిన శోధన ఒకటుంది. అది పగ. నాయనను చంపినవాళ్లు, పొలం గట్టు జరిపినవాళ్లు, పదేళ్ల కిందట బజార్లో అవమానించినవాళ్లు. పగకూ వేళలుంటాయి, క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవచ్చు: చనిపోయినాయన సంవత్సరీకం, కోర్టు వాయిదా రోజు, ఊళ్లో తిరునాళ్ల, ఎన్నికలు. ఆ తేదీలకు వారం ముందు నుంచే ప్రార్థన మొదలు కావాలి, ఒంటరిగా కాకుండా ఇంటిల్లిపాదీ. క్షమించేశానని నోటితో అనేసి లోపల కుతకుతలాడటం కంటే, 109వ కీర్తన లాంటిది తీసుకుని జరిగిన అన్యాయాన్నంతా దేవుడి ముందు కుమ్మరించడం నయం. "పగతీర్చుట నా పని" అన్నవాడి చేతికి (రోమా 12:19) ఆ కేసు అప్పగించాలి, అప్పగించాక ఫైలు వెనక్కి అడగకూడదు. మళ్లీ గుర్తొచ్చిన ప్రతిసారీ మళ్లీ అప్పగించాలి. ఎదుటి ఇంటి పిల్లల పేర్లు పెట్టి ప్రార్థించడం మొదలుపెట్టిన రోజున ఏదో మారుతుంది. దానికి ఎన్నాళ్లు పడుతుందో లెక్క చెప్పలేం.

పడిపోతే ఏం చేయాలి? ఆ గంటలోనే ప్రార్థించాలి. చాలామంది సిగ్గుతో రెండు మూడు వారాలు మందిరానికి రారు, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే) రోజైతే వెనక వరసలో కూర్చుని గమ్మున వెళ్లిపోతారు. ఆ దూరంలోనే రెండో పతనం, మూడో పతనం జరుగుతాయి. "మన పాపములను మనము ఒప్పుకొనినయెడల" అన్న 1 యోహాను 1:9లో ఎన్నాళ్లు ఆగాలన్న షరతు లేదు. ఒప్పుకున్న తర్వాత నోటు పుస్తకం తెరిచి ఆ రోజు ఎక్కడ తేడా వచ్చిందో రాయండి: అలారం మోగినా కట్టేశారా, దారి మార్చలేదా, ఆకలిగా ఉన్నారా, ఇంట్లో గొడవైందా. పోగొట్టిన డబ్బు ఎవరిదైనా ఉంటే ఆ మాట వాళ్లకు చెప్పాలి. కథోలిక సహోదరులైతే గురువు దగ్గర పాపసంకీర్తనం చేసుకుంటారు, అక్కడ విన్నది బయటికి పోదు.

మిగతా సంఘాల్లో ఆ మనిషిని మనమే వెతుక్కోవాలి. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అన్నాడు యాకోబు. మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు, ఒక్కరే చాలు. నోరు కట్టుకోగలిగినవాళ్లై ఉండాలి. మైకులో ప్రార్థన అంశంగా చదివేసేవాళ్లు వద్దు. శోధన వేళ వాళ్లకు ముందే తెలియాలి. ఫోన్ చేసినప్పుడు పెద్ద వివరమేమీ అక్కర్లేదు: "అన్నా, ఇప్పుడే." ఆ రెండు మాటలకు అర్థం ముందే మాట్లాడుకుని ఉంటే చాలు. వినేవాళ్లు చేయాల్సిన పని కూడా తక్కువే. బోధ మొదలుపెట్టకూడదు, ఎందుకట్లా అని అడగకూడదు. ఫోన్‌లోనే రెండు నిమిషాలు ప్రార్థించి, "ఎక్కడున్నావు? లేచి నడువు, మాట్లాడుతూ నడువు" అనాలి. మరుసటి రోజు పొద్దున "రాత్రి ఎట్లా గడిచింది?" అని అడగడం మరిచిపోకూడదు. వాళ్లకు కూడా ప్రార్థించే వచనం కావాలంటే లూకా 22:32 ఉంది. పేతురు బొంకకముందే ప్రభువు అతనితో అన్నాడు: "నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని." ఆ వచనంలో నీకొరకు అన్నచోట ఫోన్ చేసినవాడి పేరు పెట్టి, ఆ వేళకు పావుగంట ముందే, రోజూ.